జో అన్నీ వింటున్నాడు



ఇవాళ ఒక పాట గురించి చెప్తాను. ఆ పాట మనది కాదు. అమెరికాలో, టెనెసీ రాష్ట్రంలో, నాష్‌విల్ నగరంలో పుట్టిన పాట. 1968 మే నెలలో విడుదలైంది. పాడినావిడ పేరు టామీ వైనెట్. అక్కడి పల్లెజనం, మిల్లు కార్మికులు, లారీ డ్రైవర్లు ఇష్టంగా వినే సంగీతం ఒకటుంది. కంట్రీ మ్యూజిక్ అంటారు. ఈ పాట ఆ కోవలోది. ఆ ఏడాది వేసవిలో బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలబడింది.

పాటలో ఉన్నది ముక్కలవుతున్న ఒక కాపురం. ఆ కాపురం మధ్యలో నాలుగేళ్ళ పిల్లవాడు. వాడి పేరు జో.

మీరు ఈ పాట విని ఉండకపోవచ్చు. ఫరవాలేదు, కథ నేను చెప్తాను. ఆ కథలోంచి మన ఇళ్ళకి పనికొచ్చే మాట ఒక్కటే ఒక్కటి తీసుకుందాం. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. అమ్మానాన్నల మధ్య గొడవ ఉన్నప్పుడు, అది పిల్లలకి తెలియకుండా దాచగలం అనుకోకండి. వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో మీరే చెప్పండి. దాచలేం, కాబట్టి చెబుదాం. ఇవాళ్టి ప్రసంగం సారం ఇంతే.

ఇక పాటలోకి వెళ్దాం.

పాట పేరు డివోర్స్. అంటే విడాకులు. కానీ పాటలో ఆ మాటని మామూలుగా పలకరు. డి, ఐ, వి, ఓ, ఆర్, సి, ఇ అని అక్షరం అక్షరం విడదీసి చెప్తారు. రికార్డు మీద పేరు కూడా అలాగే, అక్షరాల మధ్య అడ్డగీతలు పెట్టి అచ్చువేశారు. ఎందుకలా? పక్కనే పిల్లవాడు ఉన్నాడు కనుక. వాడికింకా చదవడం రాదు. అక్షరాలు విడివిడిగా చెబితే వాటిని కలుపుకొని మాట చేసుకోవడం రాదు. అందుకని ఆ తల్లి, వాడి చెవిన పడకూడదనుకున్న ప్రతి మాటనీ అక్షరాలుగా విడగొడుతుంది. విడాకులు అనే మాటని విడగొడుతుంది. పిల్లవాణ్ణి పెంచే హక్కు ఎవరిదో కోర్టు తేలుస్తుంది కదా, దాన్ని కస్టడీ అంటాం, ఆ మాటనీ విడగొడుతుంది. చివరికి వాడి పేరు జో అనడానికి కూడా మూడక్షరాలు విడివిడిగా చెప్తుంది. తన మీద మాట వస్తోందని వాడికి తెలియకూడదని.

మరి పిల్లవాడు ఏమనుకుంటున్నాడు? ఇదేదో ఆట అనుకుంటున్నాడు. ఆ కస్టడీ అనేది ఏదో సరదా సంగతి అనుకుంటున్నాడు. నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి తల్లి గుండె తరుక్కుపోతుంది. ఆ రోజుతో విడాకులు ఖాయమవుతున్నాయి. తను, పిల్లవాడు ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నారు. ఆ సంగతి వాడికి తెలియదు. పాట వింటున్న మనకి తెలుసు. ఈ పాట బలమంతా అక్కడుంది.

ఈ పాట రాసింది బాబీ బ్రాడక్ అనే యువకుడు, కర్లీ పుట్‌మన్ అనే మరో రచయిత. ఇద్దరూ నాష్‌విల్‌లో పేరున్నవాళ్ళే. తర్వాత 1980లో జార్జ్ జోన్స్ పాడిన గొప్ప విషాద గీతం ఒకటి కూడా ఈ ఇద్దరూ కలిసి రాసిందే. డివోర్స్ పాట వెనక ఒక కథ ఉంది. అది మన విషయానికి చాలా ముఖ్యం. జాగ్రత్తగా వినండి.

బ్రాడక్ మొదట ఈ పాటని ఒక్కడే రాశాడు. మాటలు బాగున్నాయి. అక్షరాలు విడగొట్టే ఆలోచన కొత్తగా ఉంది. అయినా పాడటానికి ఎవరూ ముందుకు రాలేదు. ఎందుకో అతనికి అంతుపట్టలేదు. పుట్‌మన్‌ని అడిగాడు. పుట్‌మన్ పాట విన్నాడు. మాటల్లో లోపం లేదు, బాణీలోనే ఉంది అన్నాడు. ఇంత దుఃఖం ఉన్న పాటకి, అసలైన చోట, బాణీ మరీ హుషారుగా ఉందన్నాడు. గిటార్ తీసుకుని ఆ చోట బాణీ మార్చాడు. గొంతు దిగులుగా కిందికి జారేలా మార్చాడు. ఆ తర్వాత పాట నిర్మాత బిల్లీ షెరిల్ దగ్గరికి చేరింది. టామీ వైనెట్ పాడింది. దేశమంతా విన్నది.

ఆలోచించండి. మాటలు అవే. మారింది బాణీ. బాణీ మారగానే పాటకి ప్రాణం వచ్చింది. వినేవాళ్ళకి మాటల కన్నా ముందు అందేది గొంతు.

మన శ్రోతల్లో ఇంగ్లీషు రానివాళ్ళు ఉంటారు. మీరు ఈ పాట ఎప్పుడైనా వింటే, ఒక్క మాట అర్థం కాకపోయినా ఆవిడకేదో పెద్ద కష్టం వచ్చిందని మీకు తెలిసిపోతుంది. టామీ వైనెట్ గొంతులో ఒక జీర ఉంటుంది. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడే మనిషి గొంతులో ఉండే జీర. దానికి భాష అక్కర్లేదు.

సరిగ్గా జో పరిస్థితి అదే. వాడికి అక్షరాలు రావు. కానీ గొంతు వినపడుతుంది. అమ్మ గొంతు నిన్నటిలా లేదని వాడికి తెలుసు. మాటని దాచొచ్చు, గొంతుని దాచలేం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మాటని దాచొచ్చు, గొంతుని దాచలేం.

ఇదే టామీ వైనెట్ అంతకు ముందు ఏడాది, 1967లో, ఇంకో పాట పాడింది. అదీ కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఆవిడకి గ్రామీ బహుమతి తెచ్చింది. అందులోనూ ఒక తల్లి ఉంది, ఒక పసిపిల్ల ఉంది. ఆ పాపని పక్కింటి పిల్లవాడు ఆడుకుందాం రమ్మంటాడు. అమ్మా నాన్నా ఆట. మన పిల్లలూ ఆడతారు కదా, చిన్న చిన్న గిన్నెలు పెట్టుకుని, ఒకరు అమ్మ, ఒకరు నాన్న. ఆ ఆట. పాప ఆడనంటుంది. మా ఇంట్లో చూశాను, ఆ ఆటలో సరదా ఏమీ లేదు అన్న అర్థం వచ్చేలా చెప్తుంది. బయటికి వచ్చిన తల్లి ఆ మాట వింటుంది. ఇన్నాళ్ళూ తన కూతురికి ఏమీ తెలియదనుకుంది. కూతురికి అన్నీ తెలుసు.

ఈ రెండు పాటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో తల్లి దాచానని అనుకుంటుంది. రెండోదాంట్లో దాగలేదని తెలుసుకుంటుంది. జో ఇంకో రెండేళ్ళు పెద్దవాడైతే, వాడూ ఆ పాపలాగే మాట్లాడతాడు. 

ఈ పాటలు టామీ వైనెట్‌కి కేవలం పాటలు కావు. ఆవిడ మిసిసిపీ రాష్ట్రంలో పత్తి పండే పల్లెలో 1942లో పుట్టింది. తొమ్మిది నెలల పసిబిడ్డగా ఉండగానే తండ్రి పోయాడు. తల్లి పని కోసం మెంఫిస్ నగరానికి వెళ్ళింది. అమ్మమ్మ, తాతయ్య పెంచారు. పిల్లప్పుడు పొలంలో పత్తి ఏరింది. పదిహేడేళ్ళకే పెళ్ళయింది. ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. ఆ కాపురం నిలవలేదు. బతకడానికి జుట్టు కత్తిరించే పని నేర్చుకుంది. పెద్ద గాయని అయ్యాక కూడా ఆ పనికి సంబంధించిన లైసెన్సుని ఏటేటా రెన్యువల్ చేయించుకుంది. పాటలు ఆగిపోతే పిల్లల్ని సాకాలి కదా అని. 1966లో పిల్లల్ని తీసుకుని నాష్‌విల్ వచ్చింది. డివోర్స్ పాట విడుదలైన ఏడాదే ఆవిడ రెండో కాపురం కూడా ముగిసింది. 1969లో గాయకుడు జార్జ్ జోన్స్‌ని పెళ్ళి చేసుకుంది. ఆయన తాగుడు ఆ ఇంటిని అతలాకుతలం చేసింది. 1975లో ఆ ఇద్దరూ విడిపోయారు. 1998లో, యాభై అయిదేళ్ళ వయసులో ఆవిడ కన్నుమూసింది. ఆ ఏడాదే కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆవిడకి చోటిచ్చారు.

నేను ఆవిడ జీవితాన్ని తప్పొప్పుల లెక్కతో చూడటం లేదు. కాపురం చెడిన ఇంట్లో పిల్లల్ని పక్కన పెట్టుకుని నిలబడటం ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. అందుకే ఆ గొంతుని జనం నమ్మారు.

ఇక మన ఇళ్ళకి వద్దాం.

మనం కూడా ఇదే పని చేస్తాం. పిల్లల ముందు ఏదైనా దాచాలంటే ఇంగ్లీషులోకి మారతాం. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళు తెలుగులోకి మారతారు. వెనకటికి మన ఇళ్ళలో క భాష ఉండేది. ప్రతి అక్షరం ముందూ క చేర్చి గబగబా మాట్లాడుకునేవాళ్ళు. సినిమాకి వెళ్దామా, ఐస్‌క్రీమ్ కొందామా, ఇలాంటి చిన్న చిన్న రహస్యాలకి అవి బాగానే పనికొస్తాయి. చిక్కల్లా గొడవల దగ్గర వస్తుంది.

ఒక ఇల్లు ఊహించుకుందాం. భార్యాభర్తలు మూడు రోజులుగా మాట్లాడుకోవడం లేదు. ఏడేళ్ళ అమ్మాయి ఉంది. అన్నం వడ్డించి తల్లి అంటుంది, "అమ్మలూ, మీ నాన్నని భోజనానికి రమ్మని చెప్పు." ఆ పిల్ల ముందుగదిలోకి వెళ్తుంది. తండ్రి అంటాడు, "నాకు ఆకలి లేదని మీ అమ్మకి చెప్పు." పిల్ల మళ్ళీ వంటింట్లోకి వస్తుంది. ఒక్క చెడ్డ మాట ఎవరూ అనలేదు. ఎవరూ అరవలేదు. మేం పిల్ల ముందు పోట్లాడలేదు అని ఇద్దరూ అనుకుంటారు. కానీ ఆ పోట్లాటని మోసింది ఆ పిల్లే. రెండు గదుల మధ్య అటూ ఇటూ తిరిగి మోసింది.

ఇంకో ఇల్లు. భర్త అలిగి వేరే ఊరు వెళ్ళి వారమైంది. అయిదేళ్ళ బాబు అడుగుతాడు, "నాన్న ఎప్పుడొస్తాడు?" తల్లికి కళ్ళనీళ్ళు తిరుగుతాయి. మొహం తిప్పుకుని అంటుంది, "ఆఫీసు పని మీద వెళ్ళాడు నాన్నా, వస్తాడు." అదే రోజు సాయంత్రం ఆవిడ ఫోన్‌లో పుట్టింటివాళ్ళతో ఏడుస్తూ మాట్లాడుతుంది. బాబు తలుపు పక్కన బొమ్మకారు తోసుకుంటూ వింటాడు. వాడికి ఇప్పుడు రెండు కబుర్లు అందాయి. అమ్మ చెప్పింది ఒకటి, అమ్మ గొంతు చెప్పింది ఇంకొకటి. రెండూ కలవడం లేదు. ఆ ఖాళీని ఎలా పూరించుకుంటాడు? తనకి తెలిసినదానితోనే పూరించుకుంటాడు.

వాడికి ఏం తెలుసు? నాన్న వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు అల్లరి చేశాడు. అప్పుడు నాన్నమ్మో, అమ్మమ్మో అన్నారు, "నువ్విలా అల్లరి చేస్తే మీ నాన్న నిన్ను వదిలేసి వెళ్ళిపోతాడు." మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చాలా మామూలుగా అనే మాట ఇది. అన్నం తినకపోతే అమ్మ వెళ్ళిపోతుందంటారు. నిద్రపోకపోతే అమ్మ వెళ్ళిపోతుందంటారు. ఇప్పుడు నిజంగానే నాన్న వెళ్ళిపోయాడు. ఇక వాడు ఏమనుకుంటాడు? నా వల్లే వెళ్ళిపోయాడు అనుకుంటాడు. ఎవరితోనూ అనడు. లోపలే పెట్టుకుంటాడు.

చిన్నపిల్లలు ప్రపంచాన్ని తమ చుట్టూనే చూసుకుంటారు. మంచి జరిగినా చెడు జరిగినా తమ వల్లే అనుకుంటారు. నిజం మనం చెప్పకపోతే వాళ్ళొక కథ అల్లుకుంటారు. ఆ కథ చాలాసార్లు నిజం కన్నా భయంకరంగా ఉంటుంది. ఆ కథలో దోషి వాళ్ళే అవుతారు.

జుడిత్ వాలర్‌స్టీన్ అనే మనస్తత్వవేత్త 1971లో కాలిఫోర్నియాలో ఒక పరిశీలన మొదలుపెట్టారు. విడిపోయిన అరవై జంటలు, వాళ్ళ 131 మంది పిల్లలు. వాళ్ళని ఏళ్ళ తరబడి కలుస్తూ వచ్చారు. ఆవిడా, సహ పరిశోధకురాలు జోన్ కెల్లీ 1980లో దాని మీద పుస్తకం ప్రచురించారు. అందులో బయటపడ్డ ఒక సంగతి మనసుని కలచివేస్తుంది. బాగా చిన్నపిల్లల్లో ఎక్కువమందికి ఏం జరుగుతోందో ఎవరూ సరిగా చెప్పలేదు. నిన్ను చూసుకోవడానికి మేమున్నామని కూడా చెప్పలేదు. ఒకరోజు లేచేసరికి ఇంట్లో ఒక మనిషి లేరు. అంతే. జో కథ పాటలోనే కాదు, నిజమైన ఇళ్ళలోనూ అలాగే జరిగింది.

మరి ఏం చెయ్యాలి? చెప్పాలి. ఎలా చెప్పాలి?

రాత్రిపూట కరెంటు పోయిందనుకోండి. చిన్నపిల్లవాడు పక్కగదిలో ఉన్నాడు. మనం ఏం చేస్తాం? వెంటనే కేకేస్తాం. "కరెంటు పోయింది నాన్నా. నేనిక్కడే ఉన్నా. కదలకు, దీపం తెస్తున్నా." అంతే కదా. మన కేకతో కరెంటు రాదు. చీకటి చీకటిలాగే ఉంటుంది. కానీ పిల్లవాడు ఏడవడు. ఎందుకంటే వాడికి మూడు సంగతులు తెలిశాయి. ఏం జరిగిందో తెలిసింది. అమ్మ ఎక్కడుందో తెలిసింది. ఇప్పుడేం జరగబోతుందో తెలిసింది. ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలిపోయిందో వాడికి అక్కర్లేదు.

కాపురంలో చీకటి కమ్మినప్పుడు కూడా అదే చెయ్యండి. ఏం జరిగిందో ఒక్క ముక్కలో చెప్పండి. మేమిక్కడే ఉన్నాం అని చెప్పండి. ఇక ముందు ఏం జరుగుతుందో చెప్పండి. ఎవరిది తప్పు, ఎవరు ఎవర్ని ఏమన్నారు, డబ్బు గొడవలేమిటి, అత్తింటి గొడవలేమిటి, ఇవేవీ పిల్లవాడికి అక్కర్లేదు. పిల్లవాడికి చెప్పడమంటే పిల్లవాడి మీద మన బరువు దించుకోవడం కాదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఇందాకటి అయిదేళ్ళ బాబు దగ్గరికి మళ్ళీ వెళ్దాం. నాన్న ఎప్పుడొస్తాడు అని అడిగాడు. తల్లి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఇలా చెప్పొచ్చు. "నాన్నకీ నాకూ గొడవైంది. అందుకని నాన్న కొన్నాళ్ళు బాబాయి వాళ్ళింట్లో ఉంటాడు. అది పెద్దవాళ్ళ గొడవ. నీ వల్ల రాలేదు. నువ్వంటే నాన్నకీ ఇష్టమే, నాకూ ఇష్టమే. రేపు పొద్దున నేనే నిన్ను బడికి తీసుకెళ్తాను. సాయంత్రం నాన్నతో ఫోన్లో మాట్లాడదాం." ఇంతే. అర నిమిషం పట్టదు. అందులో అబద్ధం లేదు. ఎవరి మీదా నింద లేదు.

ఆ మాటల్లో ఒకటి మరీ మరీ చెప్పాల్సింది ఉంది. నీ వల్ల రాలేదు. ఆ మాట ఒకసారి చెప్తే చాలదు. వారం తర్వాత మళ్ళీ చెప్పండి. నెల తర్వాత మళ్ళీ చెప్పండి. పిల్లవాడు అడక్కపోయినా చెప్పండి. నీ వల్ల రాలేదు.

తండ్రులకి కూడా ఒక మాట. ఇలాంటివి చెప్పడం తల్లి పని అని వదిలెయ్యకండి. వీలైతే ఇద్దరూ కలిసి కూర్చుని చెప్పండి. ఒకరి మీద ఒకరికి ఎంత కోపమున్నా ఆ అయిదు నిమిషాలు పక్కన పెట్టండి. ఇద్దరి నోటా ఒకే మాట వింటే పిల్లలు తేలిగ్గా నమ్ముతారు. ఫోన్ చేస్తానని చెప్పిన రోజున తప్పకుండా చెయ్యండి. ఆదివారం వస్తానంటే ఆదివారం రండి. చెప్పిన మాట నిలబెట్టుకుంటేనే చెప్పినదానికి విలువ.

గొడవ పడిన ప్రతి జంటా విడిపోదు. చాలా ఇళ్ళల్లో గొడవ వస్తుంది, సర్దుకుంటుంది. అక్కడ కూడా మనం ఒక పొరపాటు చేస్తాం. పోట్లాట హాల్లో పడతాం. రాజీ పడకగదిలో, తలుపు వేసుకుని పడతాం. పిల్లలు మొదటిది విన్నారు, రెండోది వినలేదు. వాళ్ళ లెక్కలో గొడవ ఇంకా అవలేదు. మర్నాడు కూడా బిక్కుబిక్కుమంటూ మన మొహాలు చూస్తుంటారు.

అమెరికాలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో మార్క్ కమ్మింగ్స్ అనే ఆచార్యుడు దీని మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. పెద్దవాళ్ళ గొడవ సర్దుకోవడం పిల్లలు చూస్తే వాళ్ళ కంగారు బాగా తగ్గిపోతుందని ఆ పరిశోధనల్లో తేలింది. తలుపు వెనకాల రాజీ పడి, ఆ తర్వాత పిల్లలకి ఆ మాట చెప్పినా మేలే జరుగుతుందట. ఇది మనకి పైసా ఖర్చు లేని పని. "నిన్న రాత్రి నేను, అమ్మ గట్టిగా అరుచుకున్నాం. నువ్వు విన్నావు కదా. భయపడ్డావా? ఇవాళ మాట్లాడుకున్నాం. సర్దుకుంది." ఇడ్లీ తింటున్నప్పుడు చెప్పండి. బడికి స్కూటర్ మీద దింపుతున్నప్పుడు చెప్పండి. ఆ పిల్ల ఆ రోజంతా తేలిగ్గా ఉంటుంది. గొడవ పడ్డాక కూడా మనుషులు కలుస్తారని నేర్చుకుంటుంది.

ఇక బంధువులకి, ఇరుగుపొరుగులకి ఒక మనవి. మనకి ఒక అలవాటు ఉంది. ఏ పెళ్ళిలోనో, పేరంటంలోనో చిన్నపిల్ల కనబడితే బుగ్గ గిల్లి అడుగుతాం, "నీకు అమ్మంటే ఇష్టమా, నాన్నంటే ఇష్టమా?" సరదాకే అడుగుతాం. కానీ ఆ ఇంట్లో ఏం జరుగుతోందో మనకి తెలియదు. అమ్మానాన్నలు విడిపోతున్న ఇంటి పిల్లకి అది సరదా ప్రశ్న కాదు. ఆ పిల్ల రాత్రుళ్ళు అదే ఆలోచిస్తూ ఉండొచ్చు. అమ్మ పేరు చెబితే నాన్న బాధపడతాడేమో. నాన్న పేరు చెబితే అమ్మ ఏడుస్తుందేమో. ఆ ప్రశ్న దయచేసి ఎవరూ ఏ పిల్లనీ అడగొద్దు. అల్లరి చేస్తే అమ్మ వెళ్ళిపోతుంది అనే మాట కూడా మానేద్దాం. పిల్లవాడి చేత అన్నం తినిపించడానికి వేరే దార్లు చాలా ఉన్నాయి.

వ్యవహారం కోర్టు దాకా వెళ్ళిందనుకోండి. మన చట్టం కూడా పిల్లల మాటకి చోటిచ్చింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పిల్లలు ఆలోచించి చెప్పగల వయసులో ఉంటే, వాళ్ళ ఇష్టాన్ని న్యాయమూర్తి పరిగణనలోకి తీసుకోవచ్చని అందులో ఉంది. అంటే ఒకరోజు ఒక న్యాయమూర్తి ఆ పిల్లని కూర్చోబెట్టుకుని మాట్లాడొచ్చు. ఇంట్లో అప్పటిదాకా ఎవరూ ఏమీ చెప్పకపోతే, తన అమ్మానాన్నల కాపురపు కథని ఆ పిల్ల మొదటిసారి వినేది ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర. అంతకన్నా అన్యాయం ఏముంటుంది? ఆ మాట ముందు మీ నోటినుంచి వినాలి.

ఇంకో సంగతి స్పష్టంగా చెప్పాలి. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో మాటలతో సర్దిచెప్పడం చాలదు. అక్కడ ముందు కావలసింది రక్షణ. గృహహింస నుంచి మహిళలకి రక్షణ కల్పించే 2005 నాటి చట్టం ఉంది. మహిళల సహాయానికి 181 నంబరు ఉంది. పిల్లల కోసం 1098 ఉంది. ఆ నంబర్లు మళ్ళీ చెప్తున్నాను. మహిళలకి ఒకటి, ఎనిమిది, ఒకటి. పిల్లలకి ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది. రాసిపెట్టుకోండి. సహాయం అడగడం తప్పు కాదు. ఆ ఇంట్లో పిల్లలకి చెప్పాల్సిన మాట కూడా వేరు. "జరుగుతున్నది సరైంది కాదు. నీ తప్పు లేదు. మనం భద్రంగా ఉండే చోటికి వెళ్తున్నాం." ఆ మాట చెప్పండి.

కొంతమంది అడుగుతారు. నాలుగేళ్ళ పసివాడికి ఇవన్నీ చెప్పి వాడి బాల్యాన్ని పాడు చెయ్యడమెందుకని. ఆ ప్రశ్న ప్రేమతోనే వస్తుంది. పాటలో తల్లి కూడా ప్రేమతోనే అక్షరాలు విడగొట్టింది. పిల్లవాడి నవ్వుని ఇంకొక్క రోజు కాపాడుకోవాలనుకుంది. ఆవిడ్ని తప్పుపట్టలేం. కానీ ఇల్లు మారిన మర్నాడు పొద్దున జో లేస్తాడు. నాన్న లేడు. తన మంచం లేదు. అప్పుడు నిన్న అమ్మ ఆడిన అక్షరాల ఆట గుర్తొస్తుంది. అమ్మ తనకి తెలియకుండా ఏదో చేసిందని అర్థమవుతుంది. ఆ రోజు వాడు నాన్నకి దూరమయ్యాడు. దానితోపాటు అమ్మ మాట మీద నమ్మకం కూడా పోతే, వాడు ఇంకెవర్ని పట్టుకుని నిలబడాలి? కాపురం నిలవకపోయినా ఆ నమ్మకం నిలవాలి. పిల్లవాడి బాల్యాన్ని కాపాడేది అదే.

ముగించే ముందు సారం మళ్ళీ చెప్తాను. పిల్లలు వింటారు. ఇంగ్లీషులో మాట్లాడినా వింటారు, గుసగుసగా మాట్లాడినా వింటారు, అసలు మాట్లాడకపోయినా వింటారు. మాటని దాచొచ్చు, గొంతుని దాచలేం. కనుక వాళ్ళకి అర్థమయ్యేలా మీరే చెప్పండి. ఏం జరిగిందో చెప్పండి. మేమున్నాం అని చెప్పండి. రేపేం జరుగుతుందో చెప్పండి. నీ వల్ల కాదు అని చెప్పండి. గొడవ సర్దుకుంటే, సర్దుకుందని కూడా చెప్పండి.

మీ ఇంట్లో ఈ వారం గట్టి మాటలేవైనా నడిచి ఉంటే, రేపటిదాకా ఆగకండి. ఈ ప్రసంగం అవగానే పిల్లల దగ్గరికి వెళ్ళి కూర్చోండి. ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి. "మొన్న మేం అరుచుకున్నప్పుడు నీకేమనిపించింది?" ఆ తర్వాత కాసేపు మీరు మాట్లాడకండి. వాళ్ళని చెప్పనివ్వండి. ఇన్నాళ్ళూ వాళ్ళు మన మాటలు విన్నారు. ఇప్పుడు మనం వాళ్ళ మాట విందాం.